స్టెప్ కేక్ ఒరగకుండా డోవెల్స్ కొలవడం, కోయడం, దింపడం ఎలా?

ఒకదాని మీద ఒకటి పేర్చే స్టెప్ కేక్‌లో పై కేక్‌ని కింది కేక్ మోయదు. ఇంట్లో కేకులు చేస్తూ మొదటిసారి స్టెప్ కేక్ ఆర్డర్ తీసుకున్నవాళ్లు ఎవరడిగినా నేను ముందు ఈ మాటే చెబుతాను. పెళ్లి పందిరి ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పైనున్న బరువంతా రాటలు మోస్తాయి, రాటల నుంచి నేలకి దిగుతుంది. కింది కేక్‌లో నిలువుగా గుచ్చే పుల్లలు, గొట్టాలు, అంటే డోవెల్సే ఆ రాటలు. పై కేక్ కింద పెట్టే బోర్డు పందిరి కప్పు, అన్నిటికంటే అడుగున ఉండే బోర్డు నేల. మధ్యలో ఉన్న స్పాంజ్, క్రీమ్ మీద ఒక్క గ్రాము కూడా పడకూడదు. రాటల్లో ఒకటి పొట్టిదైతే పందిరి ఎటు ఒరుగుతుందో, డోవెల్ పొట్టిదైతే కేక్ కూడా అటే ఒరుగుతుంది.

ఇది నాకు తెలిసొచ్చింది మా అక్క కూతురి మొదటి పుట్టినరోజు నాడు. 3 కిలోల కేక్, కింద 8 అంగుళాలది, పైన 6 అంగుళాలది, మొత్తం విప్పింగ్ క్రీమ్. ఐదు చెక్క డోవెల్స్ పెట్టాను. ఒక్కో పుల్లని ఒక్కో చోట గుచ్చి, అక్కడ క్రీమ్ ఎంతవరకు తగిలిందో గుర్తు పెట్టి, ఏ చిల్లు లోతుకి ఆ పుల్ల కోశాను. ప్రతి పుల్లా దాని చోట క్రీమ్‌తో సమంగా ఉంది, చూడ్డానికి చాలా నీట్‌గా ఉంది. కానీ కింది కేకే ఒక పక్క నాలుగు మిల్లీమీటర్లు దిగి ఉందని నేను చూసుకోలేదు. కేక్‌లో ఉన్న వాలు అంతా పుల్లల్లోకి వచ్చేసింది. ఇంట్లో తేడా తెలియలేదు గానీ ఫంక్షన్ హాల్‌కి చేరేసరికి పల్లంగా ఉన్న పక్క క్రీమ్ పెదవిలా బయటికి ఉబ్బింది, అక్కడి నుంచి కిందికి సన్నటి పగులు ఒకటి మొదలైంది. కేక్ కోసేదాకా నేను దాని పక్కనే నిలబడి ఉన్నాను, ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

అప్పటి నుంచి నేను పాటించే నియమం ఒకటే: ఒక అంతస్తుకి ఒకటే కొలత. కేక్‌లో అన్నిటికంటే ఎత్తయిన చోట కొలిచి, ఆ అంతస్తులో పెట్టే డోవెల్స్ అన్నీ అదే పొడవుకి కోయాలి. మిగతా పనంతా ఆ ఒక్క కొలత పాడవకుండా చూసుకోవడమే.

ఏ డోవెల్ కొనాలి?

మనకి బేకింగ్ సామాన్ల షాపుల్లో దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. చెక్కవి దాదాపు 6 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. ప్లాస్టిక్‌వి బొటనవేలంత లావుగా, లోపల బోలుగా, గట్టిగా ఉంటాయి. విప్పింగ్ క్రీమ్ కేక్‌కి నేను బోలు ప్లాస్టిక్‌వే వాడతాను. గుచ్చినప్పుడు కేక్ ముక్క గొట్టంలోకి వెళ్లిపోతుంది కాబట్టి చుట్టూ ఉన్న స్పాంజ్ పక్కకి నెట్టుకుపోదు, లావుగా ఉంటాయి కాబట్టి మెత్తటి కేక్‌లో కూడా ఒరగకుండా నిలబడతాయి. గనాష్ (చాక్లెట్, క్రీమ్ కలిపిన పూత), ఫాండెంట్ (పలచగా ఒత్తి కప్పే చక్కెర ముద్ద) వేసిన గట్టి కేక్‌కి చెక్కవి సరిపోతాయి. హార్డ్‌వేర్ షాపు చెక్క రాడ్లు చవకే, కానీ పాలిష్, వార్నిష్, రంగు ఏదైనా పూసినవి ముట్టుకోవద్దు. తినే వస్తువులోకి వెళ్లేది కాబట్టి బేకింగ్ షాపులో కొనుక్కోవడమే మంచిది.

ఇదివరకు చాలామంది లావుపాటి జ్యూస్ స్ట్రాలు కోసి పెట్టేవాళ్లు. 2022 జూలై 1 నుంచి మన దేశంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల్లో స్ట్రాలని కూడా నిషేధించారు, అందుకని ఆ దారి వదిలేయండి. బదులుగా కాగితం స్ట్రాలు పెట్టొచ్చా అని అడుగుతుంటారు. వద్దు. క్రీమ్ తడికి రెండు మూడు గంటల్లోనే మెత్తబడి నలిగిపోతాయి. గట్టి ప్లాస్టిక్ డోవెల్‌ని కడిగి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు, లెక్క చూస్తే అదే చవక.

కబాబ్ పుల్లలు పెట్టినవాళ్లూ ఉన్నారు. ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. నిలువుగా నిలబెట్టిన పుల్ల మీద బరువు పెడితే అది వంగకుండా ఎంత మోస్తుందనేది దాని మందం మీద చాలా ఎక్కువగా ఆధారపడుతుంది. మందం రెట్టింపైతే మోసే బరువు 16 రెట్లు అవుతుంది, పొడవు రెట్టింపైతే నాలుగో వంతుకి పడిపోతుంది. 3 మిల్లీమీటర్ల కబాబ్ పుల్లకీ 6 మిల్లీమీటర్ల డోవెల్‌కీ తేడా అంత ఉంటుంది. పైగా సన్నటి పుల్ల మీద బోర్డు ఆనే చోటు కూడా చిన్నది, కాబట్టి అట్ట బోర్డయితే పుల్ల దాంట్లోకి దిగబడుతుంది.

ఎన్ని పెట్టాలి?

పైన కేవలం 6 అంగుళాల కేక్ ఉంటే బోలు ప్లాస్టిక్‌వి 4, చెక్కవయితే 5. పైన 8 అంగుళాలది ఉంటే ప్లాస్టిక్‌వి 5, చెక్కవి 7. చాలామంది ఒక విషయంలో తప్పు చేస్తారు: మూడు అంతస్తుల కేక్‌లో అడుగు కేక్ తన మీదున్న ఒక్క అంతస్తుని మోస్తుందనుకుని లెక్క వేస్తారు. 10, 8, 6 అంగుళాల కేక్‌లో అడుగున ఉన్న డోవెల్స్ పైన ఉన్న రెండు కేకుల బరువూ మోస్తాయి, అంటే సుమారు 3 కిలోలు, ఫాండెంట్ బొమ్మలు పెడితే ఇంకా ఎక్కువ. అలాంటప్పుడు ఒకటి ఎక్కువే పెట్టండి. అలాగని పది పన్నెండు గుచ్చితే కేక్ చీలుతుంది, కోసేటప్పుడు కత్తికి అడుగడుక్కీ తగులుతాయి.

బోర్డుల విషయం. పై కేక్ తప్పకుండా తన సొంత బోర్డు మీద ఉండాలి, అది కేక్ కొలతకి సమానంగా గానీ కొద్దిగా చిన్నగా గానీ ఉంటే క్రీమ్ కింద కనపడదు. బోర్డు లేకుండా డోవెల్స్ పెట్టి ప్రయోజనం లేదు, పుల్లలు నేరుగా పై స్పాంజ్‌లోకి దిగిపోతాయి. అన్నిటికంటే అడుగుది మాత్రం గట్టి ఎండీఎఫ్ (చెక్క పొడి అదిమి చేసిన) బోర్డు తీసుకోండి, కేక్ కంటే 4 అంగుళాలు పెద్దది. అడుగు బోర్డు వంగితే పైన మీరు ఎంత కొలిచినా వృథా.

కోయడానికి ముందు

కింది కేక్ ఫినిషింగ్ అయ్యాక కనీసం 3, 4 గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లగా గట్టిపడిన కేక్‌లో డోవెల్ నిలువుగా దిగుతుంది, కొలిచేటప్పుడు క్రీమ్ చేతికి అంటుకుని గుర్తు చెరిగిపోదు.

తర్వాత మట్టం చూడాలి. తాపీ మేస్త్రీలు వాడే రసమట్టం చిన్న సైజుది హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, కొత్తది కొని కేక్ పనికే విడిగా ఉంచుకోండి. ముందు మీ గట్టు మీద పెట్టి చూడండి, ఎందుకంటే వంటింటి గట్టు నీళ్లు పోవడానికి కొంచెం వాలుగా కట్టి ఉండొచ్చు. గట్టే వాలుగా ఉంటే కేక్ మీద చూసిన మట్టానికి అర్థం లేదు. తర్వాత కేక్ మీద ఒక శుభ్రమైన బోర్డు పెట్టి, దాని మీద రసమట్టం రెండు వైపులా తిప్పి చూడండి. తేడా ఉంటే పాలెట్ నైఫ్‌తో సరిచేయండి, పల్లంలో ఉన్న చోట క్రీమ్ నింపండి. ఇక్కడ పది నిమిషాలు పోయినా ఫర్వాలేదు.

ఇక పై కేక్ ఎక్కడ కూర్చుంటుందో గుర్తు పెట్టుకోవాలి. పై కేక్ సైజు బోర్డునే బటర్ పేపర్ మీద పెట్టి గీసి గుండ్రంగా కత్తిరించండి, దాన్ని కింది కేక్ మధ్యలో పరిచి చుట్టూ టూత్‌పిక్‌తో చుక్కలు పెట్టండి. డోవెల్స్ ఈ గీత లోపల, అంచు నుంచి ఒక అంగుళం లోపలికి రావాలి. 6 అంగుళాల బోర్డయితే మధ్య నుంచి 2 అంగుళాల దూరంలో ఒక చక్రంలా వస్తాయన్నమాట. అన్నీ మధ్యలో గుంపుగా పెడితే పై కేక్ పళ్లెం మీద బొంగరంలా ఊగుతుంది, మరీ అంచుకి పెడితే బయటికి కనిపిస్తాయి.

కొలత

ఒకే ఒక్క డోవెల్ తీసుకోండి. కేక్ మీద అన్నిటికంటే ఎత్తయిన చోట, గుర్తు గీసిన చక్రంలోనే, నిలువుగా గుచ్చండి. తిప్పకుండా, ఊపకుండా, ఒకే ఒత్తిడితో కిందికి దించండి. అడుగు బోర్డు తగిలినప్పుడు చిన్న శబ్దం వస్తుంది, చేతికీ తెలుస్తుంది. అక్కడ ఆగండి. మధ్యలో గట్టి పొర ఏదైనా తగిలినా, చాక్లెట్ చిప్స్, గింజలు అడ్డం పడినా అదే బోర్డు అనుకునే ప్రమాదం ఉంది, అందుకని ఇంకోసారి మెల్లగా నొక్కి చూడండి.

ఇప్పుడు మీ కన్ను కేక్ పైభాగానికి సమానంగా వచ్చేలా వంగి చూడండి. నిలబడి పైనుంచి చూసి గుర్తు పెడితే రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వస్తుంది. క్రీమ్ తగిలే చోట డోవెల్‌ని వేలి గోటితో పట్టుకుని, బయటికి తీసి, తుడిచి, పెన్సిల్‌తో సన్న గీత గీయండి. ప్లాస్టిక్ అయితే కత్తి మొనతో గాటు పెట్టండి. ఇంకు పెన్ను వద్దు, ఆ ఇంకు క్రీమ్‌లోకి దిగుతుంది.

కేక్‌తో సమానంగా కోయాలా, కొంచెం పైకి ఉంచాలా? బేకర్లలో రెండు పద్ధతుల వాళ్లూ ఉన్నారు. నా అనుభవంలో ఫాండెంట్ కేక్‌కి సరిగ్గా సమానంగా, విప్పింగ్ క్రీమ్ కేక్‌కి 2 మిల్లీమీటర్లు పైకి ఉంచితే మంచిది. క్రీమ్ మీద బోర్డు ఆనుకుంటే క్రీమ్ నలిగి పక్కలకి వస్తుంది, ఆ కొద్ది ఖాళీని చుట్టూ పైపింగ్ అంచుతో ఎలాగూ మూసేస్తాం. ఒక్క మిల్లీమీటరు కూడా తక్కువ మాత్రం కోయొద్దు. డోవెల్ పొట్టిదయిందంటే ఆ పక్క బరువు మోసేది క్రీమే.

పాతకాలం ఇంగ్లిష్ పెళ్లి కేకుల్లో స్తంభాలు కేక్ పైనే నిలబడి కనిపిస్తాయి. 1947లో ఎలిజబెత్ రాకుమారి పెళ్లికి చేసిన కేక్ 4 అంతస్తులతో 9 అడుగుల ఎత్తు ఉంది. అవి బరువైన ఫ్రూట్ కేకులు, వాటి మీద వేసే రాయల్ ఐసింగ్ ఆరాక రాయిలా గట్టిపడుతుంది. మన దగ్గర అందరూ అడిగే మెత్తటి స్పాంజ్‌కీ విప్పింగ్ క్రీమ్‌కీ ఆ బలం లేదు, మొత్తం భారం డోవెల్ మీదే వేయాలి.

కోత

కేక్‌కి దూరంగా, వేరే బల్ల మీద కోయండి. చెక్క పొట్టు, ప్లాస్టిక్ తురుము ఎంత సన్నగా ఎగురుతాయో కోసేటప్పుడు కనపడదు, తర్వాత తెల్లటి క్రీమ్ మీద కనపడుతుంది.

చెక్క డోవెల్‌కి సన్నపళ్ల హాక్సా బ్లేడు మంచిది. కటింగ్ ప్లేయర్‌తో నొక్కి తుంచితే త్వరగా అయిపోతుంది కానీ చివర నలిగి పీచులా లేస్తుంది, కొస ఏటవాలుగా వస్తుంది. ఏటవాలు కొస బోర్డుకి ఒక మూలే ఆనుతుంది, మిగతా చోట ఖాళీ. అందుకని గీత చుట్టూ డోవెల్‌ని తిప్పుతూ ముందు బ్లేడుతో సన్నటి గాడి పెట్టండి, ఆ తర్వాత అదే గాడిలో కోయండి. గీత మీదే కోయకుండా గీతకి అవతల పక్క, మీకు అక్కర్లేని ముక్క వైపు కోయాలి. బ్లేడు మందమంత చెక్క పొట్టుగా పోతుంది కదా.

బోలు ప్లాస్టిక్ డోవెల్‌కి గీత నిటారుగా రావడం కష్టం. దానికి ఒక చిట్కా. సమంగా కత్తిరించిన కాగితం పట్టీని గొట్టం చుట్టూ గట్టిగా చుట్టండి, పట్టీ అంచు అంచు మీద సరిగ్గా కలిస్తే అది గొట్టానికి సరిగ్గా అడ్డంగా ఉన్నట్టే. ఆ అంచు వెంబడి టేపు అంటించి, బ్లేడుతో గానీ పళ్లున్న బ్రెడ్ కత్తితో గానీ గొట్టాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ కోయండి. ఒకే వైపు నుంచి చివరిదాకా కోస్తే కోత పక్కకి పోతుంది. లోపలి అంచున వేలాడే తురుముని చిన్న కత్తితో గీకి తీసేయండి, లేకపోతే అది కేక్‌లో పడుతుంది.

మొదటి డోవెల్ కోశాక దాన్ని మళ్లీ కేక్‌లో అదే చోట దించి చూసుకోండి. సరిపోయిందా, అదే మీ నమూనా. దానికి పెన్సిల్‌తో ఒక అడ్డగీత పెట్టుకుని, మిగతా డోవెల్స్ అన్నీ దాని పక్కన పెట్టి గుర్తు పెట్టి కోయండి. మొదటి దాన్ని చూసి రెండోది, రెండోదాన్ని చూసి మూడోది, ఇలా మాత్రం కోయొద్దు. ఒక్కోసారి అర మిల్లీమీటరు తేడా వచ్చినా ఐదోది కోసేసరికి రెండు మిల్లీమీటర్లు పెరిగిపోతుంది.

అన్నీ కోశాక చేసే పరీక్ష నాకు చాలా ఇష్టం. డోవెల్స్‌ని మట్టంగా ఉన్న గట్టు మీద, కేక్‌లో ఎలా ఉంటాయో అలాగే చక్రంలా నిలబెట్టి, పైన ఒక చదునైన స్టీలు పళ్లెం బోర్లించండి. అంచున ఒక్కో వేలితో నొక్కుతూ చుట్టూ రండి. టకటకమని ఊగితే ఏదో ఒకటి పొట్టిది, లేదా ఒకటి పొడుగ్గా ఉంది. పొడుగుదాన్ని శాండ్ పేపర్ మీద నిలువుగా పట్టుకుని గుండ్రంగా రుద్దుతూ తగ్గించండి. పొట్టిదైతే దాన్ని పక్కన పడేసి కొత్తది కోయండి, కింద అట్ట ముక్క పెట్టి సర్దుకుంటే ఆ అట్ట తడికి నలిగి మళ్లీ పొట్టిదే అవుతుంది. 10 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న రెండు డోవెల్స్ మధ్య 3 మిల్లీమీటర్లు తేడా ఉంటే, 15 సెంటీమీటర్ల ఎత్తున్న పై కేక్ కొస నాలుగున్నర మిల్లీమీటర్లు పక్కకి జరుగుతుంది. అంత తేడాని ఫొటో ఇట్టే పట్టేస్తుంది.

అన్నీ సమానంగా వచ్చాక కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. చెక్కవాటిని ఆరాక క్లింగ్ ఫిల్మ్‌తో బిగుతుగా చుట్టడం నాకు అలవాటు. తడి పీల్చవు, చెక్క వాసన కేక్‌కి పట్టదు.

దింపడం

పొడవు ఎంత సరిగ్గా కోసినా వంకరగా దింపితే అంతా పోయినట్టే. 10 సెంటీమీటర్ల డోవెల్ తల ఒక సెంటీమీటరు పక్కకి ఒరిగితే ఎత్తు తగ్గేది అర మిల్లీమీటరే, అది కంటికి కూడా కనపడదు. కానీ పైనున్న బరువులో పదో వంతు పక్కకి తోయడం మొదలుపెడుతుంది, అన్ని డోవెల్సూ ఒకే వైపు వాలి ఉంటే కారు కుదుపుకి మొత్తం అటే పడిపోతాయి. అందుకని ఒకసారి ముందు నుంచి, ఒకసారి పక్క నుంచి చూస్తూ దింపండి, టర్న్ టేబుల్ మీద ఉంటే తిప్పి చూడ్డం తేలిక. ఒకసారి వంకరగా దిగితే కేక్‌లో ఉండగానే సరిచేయబోతే చిల్లు పెద్దదై వదులవుతుంది. తీసేసి అర అంగుళం పక్కన కొత్తగా దింపండి.

అన్నీ దిగాక బోర్డు పెట్టి రసమట్టంతో చివరిసారి చూడండి. తర్వాత బటర్ పేపర్ గుండ్రటి ముక్కని డోవెల్స్ మీద పరవండి, పై కేక్ తీసేటప్పుడు క్రీమ్ బోర్డుకి అంటుకుని లేచి రాకుండా ఉంటుంది. బటర్ పేపర్ వద్దనుకుంటే కొద్దిగా ఎండు కొబ్బరి పొడి చల్లినా అదే పని చేస్తుంది. ఫాండెంట్ కేక్‌కైతే కరిగించిన వైట్ కాంపౌండ్ చాక్లెట్ ఒక చెంచా మధ్యలో వేస్తే జిగురులా పట్టుకుంటుంది.

దూరం తీసుకెళ్లాలంటే మధ్యలో ఒక పొడవాటి చెక్క రాడ్ తప్పదు. చిన్న డోవెల్స్ బరువు మోస్తాయి, ఈ రాడ్ పక్కకి జారకుండా పట్టుకుంటుంది, రెండిటి పనీ వేరు. దీని పొడవు మొత్తం కేక్ ఎత్తు కంటే ఒక అంగుళం తక్కువ. ఒక కొసని పెన్సిల్ షార్పెనర్‌తో చెక్కి, పై కేక్ మధ్యలో నుంచి దింపి, సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తే పై అంతస్తు అట్ట బోర్డు చీల్చుకుని కిందికి దిగుతుంది. పై బోర్డు ఎండీఎఫ్‌ది అయితే రాడ్ దిగదు, దానికి ముందే, కేక్ పెట్టకముందే, మధ్యలో చిల్లు వేయించుకోవాలి. పైన మిగిలిన చిల్లుని క్రీమ్‌తోనో పువ్వుతోనో మూసేయండి.

ఎత్తు కేకులు చేసేవాళ్లకి ఒక మాట. ఒకే అంతస్తు 8 అంగుళాల ఎత్తు ఉంటే దాన్ని రెండు కేకుల్లా చూడండి. 4 అంగుళాల దగ్గర మధ్యలో ఒక బోర్డు, దాని కింద దాని డోవెల్స్, దాని పైన మళ్లీ వేరే డోవెల్స్, ఏ భాగానికి ఆ భాగం విడిగా కొలవాలి. ఒకదాని కొలత ఇంకోదానికి సరిపోతుందిలే అనుకోవద్దు, క్రీమ్ మందం చాలు తేడా రావడానికి.

ఇంటి నుంచి బయటికి

మే నెలలో విజయవాడలో గానీ గుంటూరులో గానీ స్టెప్ కేక్ పంపాలంటే నేను రెండు అంతస్తుల్నీ విడివిడి బాక్సుల్లో పంపించి, హాల్లో ఏసీ ఉన్న చోట పేరుస్తాను. డోవెల్స్ మాత్రం ఇంట్లోనే దింపి ఉంచుతాను, అక్కడ కొలతలు, కోతలు పెట్టుకునే సమయం ఉండదు. పేర్చిన కేక్ ఒక్కటిగానే తీసుకెళ్లాలంటే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. కారు సీటు మీద మాత్రం పెట్టకండి, సీటు వెనక్కి వాలి ఉంటుంది. డిక్కీలోనో ముందు సీటు దగ్గర కాళ్లు పెట్టుకునే చదునైన చోటో, కింద జారని మ్యాట్ వేసి పెట్టండి. స్పీడ్ బ్రేకర్ల దగ్గర మెల్లగా వెళ్లమని డ్రైవర్‌కి ముందే చెప్పండి.

కేక్ అందుకున్నవాళ్లకి కోసే పద్ధతి కూడా చెప్పి రండి. ముందు మధ్య రాడ్ పైకి లాగి తీసేయాలి, తర్వాత పై కేక్‌ని బోర్డుతో సహా ఎత్తి పక్కన పెట్టాలి, ఆ తర్వాతే కింది కేక్‌లో డోవెల్స్ ఒక్కొక్కటీ తీసి కోయాలి. పిల్లల ప్లేటులోకి పుల్ల పోకూడదు. నేను బాక్సు మూత లోపల ఒక చీటీ అంటిస్తాను: కింది కేక్‌లో 4 తెల్ల గొట్టాలు, మధ్యలో 1 చెక్క పుల్ల, మొత్తం 5, తీసి లెక్కపెట్టుకున్నాకే వడ్డించండి అని.